ముందు మోచెయ్యి ఆనించు

పచ్చ ఫైలు మీద అతని పేరు,
పేరు కింద ఎర్ర సిరాతో ‘రెమెడియేషన్’.
సొహార్ ఆసుపత్రి మూడో అంతస్తులో
ఏసీ చలికి శాలువా కప్పుకుని కూచున్నాను.
కిటికీ అవతల నలభై ఆరు డిగ్రీలు
కార్ల అద్దాల మీద భగభగమంటున్నాయి.

హైథమ్. మెడిసిన్‌లో రెండో ఏడాది రెసిడెంట్.
రౌండ్స్‌లో తడబడతాడు, నోట్స్ ఆలస్యం,
ఒక రాత్రి పొటాషియం ఆరున్నర దాటినా
పైవాళ్ళెవరికీ ఫోన్ చెయ్యలేదు.
రోగి బతికాడు, అది వేరే సంగతి.

“తెలివి లేదా, శ్రద్ధ లేదా?” ఛైర్మన్ అడిగారు,
చింతపండు పాతదా కొత్తదా అన్నట్టు.
సూడాన్ డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది.
“ఆర్నెల్లు నాకివ్వండి” అన్నాను నేను.
ఎందుకన్నానో నాకే తెలీదు.

తెలుసు. అబద్ధమెందుకు?

కాకినాడలో నా పీజీ తొమ్మిదో వారం
ప్రొఫెసర్ గారు నా కేస్‌షీటు కిటికీలోంచి విసిరేశారు.
అది గన్నేరు పొదలో పడింది.
వార్డులో ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది.
ఆ రాత్రి నరం దొరక్క సూది పట్టిన చెయ్యి ఊగిపోతుంటే
సిస్టర్ రత్నకాంతం, ఏడాదిలో రిటైరయ్యే మనిషి,
పక్కకొచ్చి గొణిగింది:
“వణికితే వణకనీ తల్లీ,
ముందు మోచెయ్యి మంచానికి ఆనించు.”

ప్లాన్ రాయమన్నారు, రాశాను.
వారానికి రెండు కేసులు, నెలకో పరీక్ష,
గడులు, గడుల్లో టిక్కులు.
తరవాత అతని వెనక వార్డులో నిలబడ్డాను
నోరు మూసుకుని. అంత కష్టమైన పని
నా సర్వీసులో చెయ్యలేదు.

అప్పుడు కనిపించింది.
ముసలాయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి
హైథమ్ తలుపు వైపు చూస్తున్నాడు.
గుండె చప్పుడు కాదు వింటున్నది,
నడవాలో ఎవరివో బూట్ల చప్పుడు.

“ఎవరొస్తారని?”
చాలాసేపు చెప్పలేదు. కరక్ చాయ్ చల్లారి మీగడ కట్టింది.
“పోయిన రంజాన్ తరవాత, రౌండ్స్‌లో, పదకొండు మంది ముందు
మీరొక ప్రశ్న అడిగి వాచీ చూశారు డాక్టర్.
నలభై సెకన్లు.”

నాకు గుర్తు లేదు.
ఎంత వెతికినా గుర్తు రాలేదు.
గన్నేరు పొద మాత్రం ఆకులతో సహా గుర్తుంది.

ఇంటికెళ్ళి వాచీ సొరుగులో పడేశాను,
అదేదో ప్రాయశ్చిత్తమన్నట్టు.
మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను. నాడి లెక్కపెట్టాలిగా.

ఇంకోరోజు వచ్చీరాని అరబ్బీలో చెప్పాను:
మా భాషలో దిద్దడమంటే తప్పు కొట్టెయ్యడమే కాదు,
పిల్లవాడి వేలు పట్టుకుని
ఇసుకలో అక్షరం మీద మళ్ళీ అదే అక్షరం రాయించడం కూడా.
“ఇసుకకేం డాక్టర్, మా దగ్గర బోలెడుంది” అన్నాడు.
అతను నవ్వగా చూడటం అదే మొదలు.

నాలుగో నెల పరీక్ష తప్పాడు.
ఐదో నెలలో పాసయ్యాడు, అత్తెసరు మార్కులతో.
నోట్స్ ఇప్పటికీ ఆలస్యమే.

నిన్న రాత్రి రెండూ నలభైకి ఫోను.
“డాక్టర్, ఎనిమిదో బెడ్... నాకు తెలియడం లేదు. రండి.”
వెనకాల మానిటర్ కూత.
ఇన్ని నెలల్లో ఇంత మంచి కబురు వినలేదు.
ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని పరిగెత్తాను.

చేపల మార్కెట్ మలుపులో పడవలు దించుతున్నారు.
గాలిలో నీళ్ళు, వానే లేకుండా
కారు అద్దం మీద వైపర్లు ఆడుతున్నాయి.
ఫైలింకా మూయలేదు.
గురువారం కమిటీ, మళ్ళీ అవే కుర్చీలు.
“తెలియడం లేదు” అన్నందుకు టిక్కు పెట్టే గడి
ఆ కాగితంలో లేదు.
ఏడాది మొత్తం తిరిగి చెయ్యమంటారేమో.
అననీ.