మూడు నోళ్ళ పిల్లాడు

వాడికి ఉన్నవి మూడే నోళ్ళు.
మూసినదొకటి, సగం తెరిచినదొకటి,
పూర్తిగా తెరిచినదొకటి.
జపానులో ఎవరో గీసిన ఆ మూడింటిలో
పద్దెనిమిదేళ్ళుగా తెలుగు కుక్కుతున్నాను
మద్రాసు సాలిగ్రామంలో,
పరోటా కొట్టు మీద రెండో అంతస్తులో.

వాడికి పదమూడేళ్ళు. ఎప్పుడూ పదమూడేళ్ళే.
మొదలుపెట్టినప్పుడు నాకు ముప్ఫై నాలుగు.
లెక్క మీరే వేసుకోండి.

రికార్డింగప్పుడు ఏసీ ఆపేస్తారు.
చెమట చెవి వెనకనుంచి హెడ్‌ఫోన్ మెత్త మీదికి దిగుతుంది.
గాజులు తీసి బయట పెట్టాలి.
గంజి పెట్టిన చీర కట్టకూడదు.
మొదటిరోజు నా చీర నాకంటే ఎక్కువ మాట్లాడింది.
"అక్కా, చీర సౌండ్ వరుదు" అన్నాడు
అద్దం అవతలనుంచి తనికాచలం.

సాయంత్రం నాలుగింటికి కింద
పెనం మీద కొత్తు పరోటా మొదలవుతుంది,
టకటక టకటక.
ఏ తలుపూ ఆపలేదు దాన్ని.
అందుకే వాడి ఏడుపులన్నీ పొద్దుటిపూటే ఏడ్చేస్తాను.
యుద్ధాలు సాయంత్రానికి ఉంచుతాను.

స్క్రిప్టు ఇంగ్లీషు మీదుగా వస్తుంది.
జపాను భాషలో క్రియ చివర ఉంటుందట, మనలాగే.
ఇంగ్లీషువాళ్ళు దాన్ని లాక్కెళ్ళి మధ్యలో కూర్చోబెడతారు.
మా శేషుగారు బాల్‌పెన్నుతో మళ్ళీ చివరికి తెస్తారు,
తప్పిపోయిన పిల్లని ఇంటి గుమ్మంలో దింపినట్టు.
"వెళ్ళకురా" అన్నప్పుడు
నా నోరూ వాడి నోరూ ఒకేసారి తెరుచుకుని మిగులుతాయి.
మూసిన నోటి దగ్గరే చిక్కు. అక్కడ ప, బ, మ కావాలి.
ఒకసారి "నాన్న" అన్నచోట పెదవి కలవక
"మావయ్య" అని మార్చారు.
కథలో వాడికి మావయ్యే లేడు.
ఇప్పటికి తొంభై ఎపిసోడ్లు. ఇంకా ఎవరూ అడగలేదు.

మాటలు తేలికే. కష్టమంతా మాటలు కానివాటితో.
పడ్డప్పటి "హఁ", లేచినప్పటి "ఊఁ",
నూడుల్స్ జుర్రడం, నీళ్ళలోంచి తల ఎత్తడం,
మెట్ల మీదనుంచి దొర్లడం: ఆరు మెట్లు, ఆరు రకాల "అబ్బ".
గంటకింత అని ఇస్తారు. అరుపుకి విడిగా ఏమీ లేదు.
ఇంటికెళ్ళాక పటికబెల్లం బుగ్గన పెట్టుకుని
మావారితో సైగలు చేస్తాను.
పప్పు అడిగితే పెరుగు వేస్తారాయన.

నా చెవుల్లో ఒకావిడ ఉండేది.
వాడి అసలు గొంతు ఆవిడది.
పేరు తెలియదు. చివర పేర్లు పడేసరికి
తనికాచలం ఫైలు ఆపేస్తాడు.
ఊపిరి మాత్రం తెలుసు.
పెద్ద డైలాగుకి ముందు ముక్కుతో కాక
నోటి మూలనుంచి సన్నగా పీల్చేది,
వేడి టీ తాగబోయేదానిలా.
కొన్ని ఎపిసోడ్లలో జలుబు వినిపించేది.
అల్లం వేసుకో తల్లీ, అనుకునేదాన్ని.
ఆవిడ పీల్చినచోట పీల్చి, వదిలినచోట వదిలి...
ఇంట్లో ఎవరితోనూ ఇన్నేళ్ళు
ఇంత దగ్గరగా ఊపిరి తీసుకోలేదు.

ఏడో సీజన్, రెండో ఎపిసోడ్.
వాడు తలుపు తీసి "వచ్చేశా" అంటాడు, అంతే.
చెయ్యెత్తాను. ఆపమన్నాను.
"ఇది ఆవిడ కాదు."
తనికాచలం మళ్ళీ వేశాడు, తెర మీద గీతలు చూశాడు.
"అచ్చం అదే గొంతు కదక్కా."
అచ్చం అదే. కొత్తావిడ చాలా బాగా చేసింది.
ఊపిరి మాత్రం ముక్కుతో తీసుకుంది.

ముంబై ఆఫీసుకి ఫోన్ చేస్తే
"మాకేం చెప్పలేదు మేడమ్, డెలివరీ శుక్రవారం" అన్నారు.
రిటైరైందో. గొంతు పోయిందో.
మూడోది నేను పైకి అనలేదు.

ఆ రోజు పన్నెండు పేజీలు.
హెడ్‌ఫోన్‌లో కొత్తావిడ, కాగితం మీద శేషుగారి నీలి సిరా.
నేను నోటి మూలనుంచి సన్నగా పీల్చాను.
"అక్కా, బ్రీత్ ముందే పడుతోంది. కట్ చేసేయనా?"
"ఉంచు" అన్నాను, వాడి గొంతుతో.

అంతలో కింద పెనం మోగింది. టేకు పాడైంది.
రెండోసారీ అలాగే పీల్చాను.