కాయ కొట్టే ముందు

సోంపేట డయాలసిస్ గదిలో
ఒక్కో మనిషికి నాలుగు గంటలు.
మిషను పని మిషను చేసుకుంటుంది.
అలారం మోగే దాకా నాకు మిగిలేది
శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం.
అట్ట లేదు. రచయిత పేరున్న పేజీ చెదలు తినేసింది.
వెనక అంటించిన చీటీలో ఆఖరి తేదీ
నేను పుట్టక ముందుది.

నాలుగో బెడ్డు మీంచి దుర్యోధన:
"ఏటా పుస్తకం? పైకి సదువు బాబూ,
ఈ గుర్రుగుర్రు ఇనీ ఇనీ సెవులు పోనాయి."

చదివాను.
ఎక్కడో ఒక దీవి. ఒక శాస్త్రజ్ఞుడు.
సముద్రపు నీళ్లలో చిటికెడు వేస్తే
తియ్యబడిపోయే ఉప్పొకటి కనిపెట్టాడు.
దీవి జనం అతని పడవకి హారతి పట్టారు.
ఇసుకలో వరి పండింది.
మూడో ఏడు పిల్లల నీడలు పలచబడ్డాయి.
మిట్టమధ్యాహ్నం నిలబడితే నేల మీద
మజ్జిగ తేటలాంటి మరక, అంతే.
అతను చూశాడు. నోటుబుక్కులో రాసుకున్నాడు.
పద్దెనిమిదో నంబరు, నీడ సగం.
ఇరవై మూడు, లేదు.
ఉప్పు పంచడం మాత్రం ఆపలేదు.
లెక్కలు అంత అందంగా వస్తున్నాయి మరి.

దుర్యోధన చాలాసేపు పలకలేదు.
అతని ఎడమ చేతి మీద ఫిస్టులా ఉబ్బి ఉంది.
వేలు ఆనిస్తే లోపల పిల్లి పడుకున్నట్టుంటుంది.
ఇరవై ఏళ్లు కొబ్బరిచెట్లని వాటేసుకున్న చెయ్యి.
తిత్లీ గాలికి తోట పడిపోయిన ఏడే
మొదటిసారి కాళ్లు వాచాయట.

"మా ఊరికీ వొచ్చీవోరు బాబూ.
నెత్తురు తీసీవోరు, బోరు నీళ్లు సీసాల్లో పట్టీవోరు.
నా సీసా మీద నూట పన్నెండని రాసినారు.
ఏటి తేలిందో
నూట పన్నెండుకి తెల్దు."

"అది కథ అన్నా," అన్నాను.
నా చదువుని నేనే వెనకేసుకొచ్చినట్టు,
"ఈ మిషను కూడా ఎవరో ఒక శాస్త్రజ్ఞుడు చేసిందే."

"అవును గావాల. ఆ బాబు సల్లగుండాల.
కనిపెట్టడం తప్పని నానన్నానేటి?
సెట్టెక్కినోడు కాయ కొట్టాల,
కొట్టకపోతే ఎందుకెక్కినట్టు?
గానీ కొట్టే ముందు కేకెయ్యాల,
కింద ఎవులూ అని.
మా అయ్య నా సేతికి కత్తిచ్చే ముందు
కేక నేర్పినాడు."

పేజీ తిప్పాను.
చివరి నలభై పేజీలు లేవు.
శాస్త్రజ్ఞుడు పడవెక్కి వెళ్లిపోయాడో,
తన నీడ ఎప్పుడైనా చూసుకున్నాడో.
"నేవా? పోన్లే," అని
అతను కళ్లు మూసుకున్నాడు.

నాకు పోలేదు.
సూదులు తీసి, దూది నొక్కిపెట్టి, రిజిస్టరు తెరిచాను.
బెడ్ నాలుగు. బరువు రెండు కిలోలు తగ్గింది.
ఫిర్యాదులు: లేవు.
ఆ మాట ఐదేళ్లుగా రాస్తున్నాను
ఎవరినీ అడక్కుండానే.
కొట్టేశాను. బదులుగా ఏం రాయాలో తోచక
ఆ గడి అలాగే వదిలేశాను.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వస్తుంటే
తోటల్లో మంచు ఇంకా లేవలేదు,
బండి లైటు వేసుకునే ఉన్నాను.
ఎక్కడో పైనుంచి
"కింద ఎవులూ?"

బ్రేకు వేశాను.
మట్టల్లో మనిషి కనబడలేదు, కత్తి మెరుపొకటే.
"నేనే," అన్నాను.

"నానంటే ఎవులు?"