ఎక్కడ దిగుతరు?

బల్లార్షా టేసన్ల బండి దిగంగనే అడుగుతరు సార్లు,
"అడివి చూడనీకె ఎక్కడ దిగితే మంచిగుంటది?"
డిక్కీల సూట్‌కేసు పెట్టుకుంట చెప్త:
ఓదెలు అంటరు సార్ నన్ను, ఈ ఊరోన్నే.
మా బాపు బొగ్గుబాయి పనికొచ్చి ఇక్కడ దిగిండు,
మళ్ల ఎక్కలే.

ఇగ మీ సంగతి.
మోహర్లీ గేటు కాడ దిగితే
పొద్దుగాల నాలుగున్నరకు లేవాలె, చీకట్లనే జిప్సీ.
ఏసీ గది. నీలం నీళ్ల కొలను.
పర్దా మీద పులి, దిండు గలీబు మీద పులి,
సబ్బు మీద సుత పులి అడుగు.
రుద్దంగ రుద్దంగ ఆ అడుగు అరుగుతది సార్,
చిన్నపొల్లగాండ్లుంటే ఏడుస్తరు.
గదికి ఐదొందలు నాకిస్తరు వాళ్లు.
దాచిపెట్టుడెందుకు.

కొలారా దిక్కంటే దూరం. డీజిలు మీది.
ఊరి ఇవతల మందా ఆత్రం ఇల్లున్నది, గోండోళ్లు.
రెండే గదులు, పేడతోని అలికిన నేల,
కూలరు గడ్డి తడిసిన వాసన రాత్రంత.
జొన్నరొట్టెల మీదికి అంబాడి కూర పెడ్తది.
మన పుంటికూరనే సార్,
వార్ధా దాటంగనే పేరు మారింది, పులుపు మారలే.
ఆమె నాకు పైస ఇయ్యది.
ఒక్కపారి నాలుగు రొట్టెలు మూటగట్టిచ్చింది,
తొవ్వల ఆకలైనా విప్పలే, ఇంటిదాక తెచ్చిన.

మంగళారం మాత్రం రాకుండ్రి, పార్కు బందు.
ఖమ్మం సారొకాయన కాలెండరు చూడకుంట వచ్చి
పగలంత కొలనుల కాళ్లు పెట్టుకొని కూసున్నడు.
పులి కనవడ్డదా సార్ అంటే
"గలీబు మీద" అన్నడు.

నిరుడు ఎండకాలం, నలభై ఏడు డిగ్రీలున్ననాడు,
జగిత్యాల టీచరమ్మ ఎనక సీట్ల కూసొని
ఉల్టా అడిగింది నన్ను:
"ఓదెలూ, నువ్వెక్కడ ఉంటవు?"
ఇరవై ఏండ్ల కిరాయిల
ఎవ్వలు అడగని మాట.
గేరు మార్చుడు మర్చిపోయిన.

దుర్గాపూర్ల, అమ్మా.
పవర్‌హౌజు పొగగొట్టాల కింద.
ఆరేసిన బట్టలు దులిపి మడతపెట్టే కాలనీల.
మా ఎనకాల బాయిలకెల్లి తోడి పోసిన మట్టిగుట్టలు,
వాటి మీద సర్కారుతుమ్మలు.
మొన్న చలికాలం అండ్ల ఒక ఆడపులి దిగింది,
రెండు పిల్లలతోని.
దానికి గేటు లేదు, టికెటు లేదు,
మంగళారం సెలవు లేదు.
ఏడు గొట్టంగనే తలుపులేసుకున్నం మూడు నెల్లు.
కుక్కను మంచం కోడుకు కట్టేసినం.
నా బిడ్డ టూషన్ల నుంచి వచ్చేయాళ్లకు
మీ అసొంటోళ్లను టేసన్ల నిలవెట్టి
నేనే కారేసుకొని ఉరికిన.

ఫారెస్టోళ్లు వచ్చి గోడకు కెమెరా కట్టుకుంట అన్నరు,
గంత అడివి ఇడిసిపెట్టి ఇదిక్కడెందుకు దిగినట్టో!
మా అవ్వ గడపల కూసోని ఆకు నములుతున్నది.
"లోపలి జాగ ముందుగాలనే ఎవలదో అయ్యుంటది బిడ్డా.
పిల్లలతల్లి.
సందు దొరికినకాడ దిగుతది.
నేను దిగలే?"

ఇదంత చెప్పిన టీచరమ్మకు.
ఆమె అద్దంలకెల్లి బయటికి చూసుకుంట
జరసేపు ఏం మాట్లాడలే.
మోహర్లీకే పోనియ్యి అన్నది ఆఖరికి,
అడ్వాన్సు కట్టిందట.
నేను సుత ఐదొందలు తీసుకున్న.

చెప్పుండ్రి సార్, ఎటు తిప్పాలె?
ఎటు తిప్పినా మా కాలనీ మీదికెల్లే తొవ్వ.
అది దాటినంక కిటికీ దించుండ్రి.
బూడిద వాసన ఇడిసి ఎరయి నీళ్ల వాసన
మొగం మీదికొచ్చే మలుపు ఒక్కటున్నది.
రెండు నిమిషాలు ఆపుత, దానికి పైసలొద్దు.
అక్కడింక ఎవ్వలు గది కట్టలే.