నలభైకి ఒకటి

లిమాలో సరైన వాన పడదు.
అందుకే కాబోలు, బురద మేమే కలుపుకుంటాం.
ఇసుక ఇంత, బంకమన్ను ఇంత, నీళ్ళు ఇన్ని,
పాళ్ళు తప్పితే డాక్టర్ జొరైదా పారబోయిస్తుంది.

ఆరు మీటర్ల కాలువ, ఒక పక్క గాజు,
పదిహేను డిగ్రీల వాలు.
పైన తొట్టి, తొట్టికి తలుపు,
తలుపు దగ్గర తియోదోసియో.

రాళ్ళు జల్లించేదీ అతనే.
కందిగింజంతవి, రేగిపండంతవి, పిడికిలంతవి.
పెద్దవాటికి ఎర్రరంగు పూసి
కిటికీ కింద ఆరబెడతాడు, వడియాల్లా.

తలుపు లేస్తుంది.
ముందు చప్పుడు.
చప్పుడు వెనకే బురద.
నీళ్ళకి అన్న, కొండకి తమ్ముడు,
ఇద్దరి మాటా వినదు.

గాజు ఇవతల కెమెరాతో నేను,
సెకనుకి వెయ్యి బొమ్మలు.
తర్వాత తీరిగ్గా చూస్తే
చేటలో చెరిగినట్టు
బరువైనవే పైకి తేలి, ముందుకు జరిగి
మూతి దగ్గర గుమిగూడతాయి ఎర్రరాళ్ళు.
"పెద్దవి మునుగుతాయనుకున్నా" అన్నాను మొదటిరోజు.
"పెద్దవాళ్ళెప్పుడు మునిగారు?" అన్నాడు తియోదోసియో.

మా నివేదికల్లో దాని పేరు శిథిల ప్రవాహం.
చోసికాలో వాళ్ళమ్మ వాయికో అంటుంది.
అన్నాక కాసేపు
ఇంకేమీ అనదు.

ఒక సాయంత్రం కాలువ చివర పలక మీద
అరచేతిలో పట్టే చెక్కముక్క పెట్టాడు.
బాల్‌పెన్నుతో నీలంతలుపు గీశాడు.
నలభైకి ఒకటి లెక్కన అది అతని ఇల్లు.
ప్రణాళికలో లేని పరీక్ష.
డాక్టర్ చూసింది,
చూసి, కాగితాలు సర్దుకుంటూ కూచుంది.

నాలుగు సెకన్లు.
"అక్కడైతే ఎంత?" అన్నాడు.
పొడవు నలభై రెట్లయితే
కాలం దాని వర్గమూలమంత.
"ఇరవై అయిదు" అన్నాను.

గొట్టం పట్టి కాలువ కడుగుతూ
పెదాలు కదుపుతున్నాడు.
మెలకువకి మూడు.
నెలీదాని ఎత్తుకోడానికి నాలుగు.
అమ్మ మోకాళ్ళకి పది... కాదు, పన్నెండు.
మెట్లు.
ఎక్కడో తప్పి
మళ్ళీ మొదటినుంచి.

సోమవారం బూట్లకి మట్టితో వచ్చాడు.
"వాలు పెంచాలి, డాక్టర్.
ఇంటి వెనక కొలిచాను. పదిహేను కాదు, పందొమ్మిది."
జొరైదా ఏమీ అడగకుండా జాకీ తిప్పింది.

చెక్కముక్కని ఈసారి
రెండువేళ్ళ ఎడంగా పెట్టాడు.
రెండువేళ్ళంటే మీటరున్నరే అని
నేను చెప్పలేదు.
తలుపు నన్నే ఎత్తమన్నాడు.
తను గాజు పక్కన నిలబడతాడట.