తాత్కాలికం

గ్రీమ్స్‌పేటలో మా మేడమీది రెండు గదుల్నీ
సంక్షేమ సమితి పంపిన అమ్మాయి
కళ్ళతోనే కొలిచింది.
పిట్టగోడ ఎత్తు రాసుకుంది.
ఫినాయిల్ సీసాని పై అరలోకి ఎక్కించమంది.
పోలీసోళ్ళ కాగితం, రక్తపరీక్ష,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా జీతం చీటీ
అన్నిట్నీ ఒకే పిన్నుకి గుచ్చింది.

"బిడ్డ రాత్రిపూట ఏడిస్తే ఏం చేస్తారు?"
దొరస్వామి నా మొహం చూశాడు.
"లేస్తాం మేడం."
దాన్ని ఎట్ట రాసుకోవాలో ఆమెకి కాసేపు తెలీలేదు.

పెన్ను మూసి అడిగింది చివరిది:
"వాళ్ళమ్మ కోలుకుని వస్తే
ఇచ్చేస్తారా?"

సీజనంతా నా చేతుల మీదుగా పోయే కాయల్లో
ఒక్కటీ నాది కాదు.
గోళ్ళ సందుల్లో రంగు మాత్రం
ఆడినెల దాటినా వదలదు.
ఇదంతా చెప్పలా.
ఇస్తామన్నా.
సంతకం కాస్త వంకరగా పడింది.

నాలుగు నెలలకి
కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని
మెట్లెక్కొచ్చాడు, ఆరేళ్ళోడు.
భుజాన సంచి దించడు.
"ఎన్నిరోజులు?" అన్నాడు నన్నే.

ఆ ప్రశ్న దరఖాస్తులో లేదు.
సంగటి ముద్ద ఆరిపోతా ఉంది,
పక్కన ఊరిబిండి.

"ముందు తిను సామీ" అన్నా.
సంచితోనే కూర్చున్నాడు.