లైన్ క్లియర్

ఇంకా నలభై మూడు రోజులు.
ఆ తర్వాత ఈ ప్లయరు స్టోర్సుకి అప్పగించాలి,
బెల్టూ, గ్లౌజులూ, ఎర్త్ రాడ్డూ కూడా.
అప్పగించే లోపల సొంతింటికి
ఒక్కసారైనా వాడదామని
ఆదివారం పొద్దున్నే నిచ్చెన దించాను.

కాశీబుగ్గలో నేనెక్కని స్తంభం లేదు.
సినిమా హాలు సందులో ఒరిగినదాన్నీ
జీడి బట్టీల వెనక పొగచూరినదాన్నీ
చీకట్లో తడిమి గుర్తుపడతాను.
మా వంటింటి స్విచ్చి మాత్రం
పదకొండేళ్ళ కిందట విరిగింది.
రేపు చూస్తానన్నాను.
ఆ రేపటికి నల్ల టేపు చుట్టి వెళ్ళిపోయాను.

వేలు పెడితే జిల్లుమంటుందని
దాలమ్మ చెక్క తెడ్డు తిరగేసి
కాడతో పొడుస్తుంది.
టక్.
మా ఇంట్లో తెల్లవారడం అంటే అదే.

ముందు పెరటి కుళాయికి వాషరు మార్చాను.
ఐదు రూపాయల వాషరు.
దానికోసం రెండేళ్ళుగా ఒక బకెట్టు
రాత్రంతా మేలుకుని ఉండేది.
గడప వార కన్నం సిమెంటుతో పూడ్చాను.
చీమలు అరగంట ఆలోచించి
పక్కన ఇంకోటి మొదలెట్టాయి.
స్నానాల గది తలుపుకి కీలు బిగిస్తే
మూసుకోవడం నేర్చుకుంది గానీ
తెరుచుకోవడం మరిచిపోయింది.
లోపలున్నది మా తోడల్లుడు.
గునపం తెచ్చి తీశాం.
ఆయన ఇంకా మాట్లాడటం లేదు.

ఇక స్విచ్చి.
మెయిను దించాను.
లోపల మిక్సీ గొంతు పట్టేసినట్టు ఆగింది.
"పప్పు సగమే నలిగింది!
ఎవల్నడిగి తీసినావు?"

ముప్పై నాలుగేళ్ళు
సబ్‌స్టేషనుకి ఫోను చేసి, పేరు చెప్పి,
ఏ ఫీడరో చెప్పి,
"తవిటయ్యా, లైన్ క్లియర్" అని
అవతల గొంతు వినిపించాకే
తీగ మీద చెయ్యేసినవాణ్ణి.
పద్దతి తప్పిన ఇద్దరు స్నేహితుల్ని
స్తంభం మీంచి దించినవాణ్ణి.
ఈ వంటింటికి ఫోను చెయ్యాలని తోచలేదు.

బోర్డు విప్పాను.
వెనక ఎండిన బల్లి గుడ్లు రెండు.
నా టేపు ఎప్పుడో జిగురు చచ్చి ఊడిపోతే
దాని మీద ఆమె పాత చీర పేలిక,
పేలిక మీద ఆస్పత్రి ప్లాస్టరు,
ఆ పైన జీడి ఫ్యాక్టరీ గోనె పురికొస
మూడు చుట్లు, గట్టి ముడి.
మా డిపార్టుమెంటులో ఇంత నీటైన జాయింటు
నేను చూడలేదు.

తిత్లీ తుపాను ఏడు
పద్దెనిమిది రాత్రుళ్ళు ఇంటికి రాలేదు.
మోకాటి లోతు బురదలో స్తంభాలు మోశాను.
ఈ వీధికి వెలుగొచ్చిన సాయంత్రం
ఎవరో నా నోట్లో బెల్లం ముక్క పెట్టారు.
ఆ ప్లాస్టరు ఆనాటిదేనేమో.
అడగలేదు.

తెల్లటి కొత్త స్విచ్చి బిగించాను.
నూట ఎనభై. చిన్న ఎర్ర దీపం కూడా ఉంది.
దాలమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది,
జీడి కరిచి నల్లబడ్డ బొటనవేలితో
దాని చుట్టూ ఒకసారి రాసి చూసింది.
"బాగుంది. నీకు రిటైరుమెంటుంది.
రేపట్నుంచి కూకుని
ఇల్లంతా ఇలాగే ఇప్పుతావేటి?
నాను మాత్రం ఎనిమిదింటికి
పప్పు ఒలవడానికి ఎల్లాలి."

పురికొస పారెయ్యబోతే లాక్కుని
పోపుల డబ్బా వెనక పెట్టుకుంది.

సోమవారం ఇంకా చీకటి.
ఫ్రిజ్జు ఒక్కటే మూలుగుతోంది.
వంటింట్లోకి ఆమె అడుగులు.
కొత్త స్విచ్చి, తాకితే చాలు,
చప్పుడే ఉండదని షాపువాడు చెప్పాడు.

టక్.

కాసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత తనలో తను నవ్వుకుంటూ
తెడ్డు గట్టు మీద పెట్టిన చప్పుడు.

లేచి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను,
ప్లయరు లేకుండా.
"దాలమ్మా, మెట్ల కింద బల్బు..."
అటు తిరగకుండానే అంది:
"ఉండు. సెట్నీ అవనీ."