మునిరత్నం అని పిలిస్తే

రాత్రి పదకొండయింది. కంప్యూటర్ తేల్చింది:
పదకొండు వేల రెండొందల ఆరు చోట్లు.

ఆరే అక్షరాల మాట.
సి ఎ సి జి టి జి.
ఎదుటి పోగు మీద వెనక నుంచి చదివినా అదే.
వేరుశెనగ జన్యువుల ముంగిళ్ళన్నీ తిరిగొచ్చి
నీళ్ళు తగ్గినప్పుడు పుట్టే ప్రోటీను
ఇదిగో ఇక్కడ వాలుతుంది, ఇక్కడ కూడా, ఇక్కడ కూడా
అని పేజీల కొద్దీ చెప్పుకుపోతోంది.

ఆ మాత్రం నేనూ చెప్పగలను.
తిరుపతి బస్టాండులో నిలబడి
మునిరత్నం! అని ఒక్క కేక వేస్తే
పీలేరు బస్సు మెట్టు మీద ఒకడు,
టీ గ్లాసు పెదవి దాకా తెచ్చి ఒకడు,
గుండు మీద చందనం ఆరని పెద్దాయన,
చంకలో నిద్రపోయే బిడ్డ తరఫున వాళ్ళమ్మ,
అందరూ తిరిగి చూస్తారు,
నాకు కావలసినవాడు తప్ప.

పాకాల చేని నుంచి చెంగల్రాయులు ఆకులు తెచ్చాడు.
పంతొమ్మిది రోజులుగా వాన ఎరగని ఆకులు,
ఐసు డబ్బాలో, నేను చెప్పినట్టే.
తెర మీది అంకె చూసి నవ్వాడు.
కాయ పెరకడానికి ఏటా కూలోళ్ళను వెతుక్కునే మనిషి.
"పేరు బట్టుకోని పోతే యాడ దొరకతారు మా?
పక్కన ఎవురుండారో చూడల్ల.
ఆ యేళకి వాకిలి తెరిచుండాదా చూడల్ల."

చూశాను.
పక్కన తోడుమాట లేనివి తీసేశాను.
ముడుచుకుపోయిన పోగుల్లో
తలుపు వేసుకుని పడుకున్నవి తీసేశాను.
పదిహేడు మిగిలాయి.

జెల్‌లో పదిహేడూ పరుగెత్తాయి.
ఎవరినైనా మోసుకెళ్ళేది వెనకబడాలి.
రెండే వెనకబడ్డాయి.
రెండూ, ఇంకొకటీ.

ఆ ఇంకొకటి ఊరికే, పోలిక కోసం పెట్టింది.
ఒక అక్షరం తప్పు.
సి ఎ సి జి టి ఎ.
దీన్ని ఏదీ పట్టుకోదని నా చేత్తో నేనే రాసుకున్నాను.
మళ్ళీ పోశాను. మళ్ళీ వెనకబడింది.
కంప్యూటర్ దాని గడప తొక్కనే లేదు.

పొద్దున ఫోన్‌లో చెబితే
అటు బోరు మోటారు చప్పుడు, కాసేపు.
"ఇంట్లో వాణ్ణి చిన్నబ్బ అంటారేమో మా" అన్నాడు చెంగల్రాయులు.
కరెంటు పోతుందని పెట్టేశాడు.

పట్టికలో ఆ వరుస ఎదురుగా
తప్పు అనే గడిలో టిక్కు పెట్టాను.
ఎవరిది అనే గడి
నా పట్టికలో లేదు.